పాఠకుల ప్రశ్నలు: అంకెలు అవే, గాలి మాత్రం చాలడం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. స్లీప్ ఆప్నియాకు (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) ఐదేళ్లుగా ఆటో సీప్యాప్ (మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపుతూ, అవసరాన్నిబట్టి ఆ ఒత్తిడిని తానే మార్చుకునే మెషిన్) వాడుతున్నారు, ప్రెషర్ 8 నుంచి 14. మెషిన్ పాతబడిందని పది రోజుల క్రితం వేరే కంపెనీది కొన్నాం. అమ్మినాయన వచ్చి అవే 8, 14 పెట్టి వెళ్లారు. మాస్క్ పాతదే. పెట్టుకోగానే పావుగంటసేపు గాలి చాలడం లేదంటున్నారు. ఏహెచ్ఐ (నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క) ఇదివరకు 2 దాటేది కాదు, ఇప్పుడు 6, 7 చూపిస్తోంది. వెనక్కి ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. మీరు రాసినదాన్నిబట్టి కొత్త మెషిన్‌లోకి ఖాయంగా వచ్చినవి ఆ రెండు అంకెలే. నాన్నగారు ఐదేళ్లుగా అలవాటుపడ్డ మిగతా సెట్టింగులు పాతదాంట్లోనే ఉండిపోయి ఉండొచ్చు. పాత మెషిన్ ఇంట్లో ఉంటే ఎవరికీ ఇచ్చేయకుండా, ఒకసారి ఆన్ చేసి స్క్రీన్లన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. మీరు కంపెనీల పేర్లు రాయలేదు కాబట్టి, తరచూ కనిపించే మార్పునే తీసుకుందాం: ఫిలిప్స్ డ్రీమ్‌స్టేషన్ నుంచి రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10కి.

గాలి చాలకపోవడానికి ముందుగా అనుమానించాల్సింది ర్యాంప్‌ని. అది ఆన్‌లో ఉంటే ప్రెషర్ 4 దగ్గర మొదలై నెమ్మదిగా 8కి చేరుతుంది. కొత్తవాళ్లకు అది హాయి. ఐదేళ్లు 8కి అలవాటుపడ్డ మనిషికి 4 అంటే ముక్కూ నోరూ మూసినట్టే. ర్యాంప్ టైమ్‌ను మీరే ఆఫ్ చేయొచ్చు, పేషెంట్ మెనూలోనే ఉంటుంది. మొదలయ్యే ప్రెషర్‌ను 6కో 7కో పెంచడం మాత్రం క్లినికల్ మెనూ పని. డాక్టరుగారిని అడిగి చేయించండి.

ఏహెచ్ఐ సంగతి దీనికన్నా ముఖ్యం. ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గించే ఏర్పాటు రెండు కంపెనీలకూ ఉంది, రెండింటిలోనూ 1, 2, 3 అనే అంకెలే కనిపిస్తాయి, కానీ పనిచేసే తీరు వేరు. ఫిలిప్స్‌లోని ఫ్లెక్స్, ఊపిరి వదలడం మొదలవగానే కాస్త తగ్గించి, అది పూర్తయ్యేలోపే మళ్లీ పైకి తెస్తుంది. రెస్‌మెడ్‌లోని ఈపీఆర్ వదిలినంతసేపూ తగ్గించే ఉంచుతుంది. 3 పెడితే తగ్గేది 3 సెంటీమీటర్ల నీటి ప్రెషర్. అంటే మెషిన్ 8 దగ్గర నడుస్తున్నా ఊపిరి వదిలేటప్పుడు మాస్కులో ఉండేది 5. గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచాల్సిన ఆసరా అక్కడ తగ్గిపోతుంది. పాతదాంట్లో ఫ్లెక్స్ 3 ఉందని ఇక్కడా ఈపీఆర్ 3 పెట్టేసి ఉంటే, ఏహెచ్ఐ పెరగడానికి అదే కారణం కావచ్చు. ఇదీ క్లినికల్ మెనూలోదే, డాక్టరుగారిని అడిగి ఈపీఆర్‌ను 1కి దింపించి నాలుగైదు రాత్రులు చూడండి. వదలడం కష్టంగా ఉందంటే ఈపీఆర్ ఉంచి కనిష్ఠ ప్రెషర్ పెంచాలా అన్నది డాక్టరుగారు తేలుస్తారు. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. ఒకే రాత్రి మూడు మార్చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

మాస్క్ మార్చనక్కర్లేదు, 22 మిల్లీమీటర్ల మూతి అన్నిటికీ ఒకటే. (ప్రయాణాలకు వాడే ఎయిర్‌మినీకి మాత్రం సొంత కనెక్టర్ కావాలి.) అయితే మాస్క్ రకం మెనూలో సరిగ్గా పెట్టారో లేదో చూడండి: నాసల్ (ముక్కు మీద పెట్టేది), పిల్లోస్ (ముక్కు రంధ్రాల దగ్గర ఆనేది), ఫుల్ ఫేస్ (ముక్కూ నోరూ కప్పేది). ట్యూబ్ రకం కూడా అంతే. సన్నటి 15 మిల్లీమీటర్ల ట్యూబ్ తగిలించి మెనూలో స్టాండర్డ్ అని వదిలేస్తే మాస్క్ దగ్గర ప్రెషర్ లెక్క తప్పుతుంది. వేడిచేసే ట్యూబులు ఒక కంపెనీవి ఇంకోదానికి పనికిరావు.

లీక్ అంకెలు పోల్చి కంగారుపడకండి. మాస్క్ రంధ్రాల్లోంచి మామూలుగా పోయే గాలిని ఫిలిప్స్ లెక్కలో కలుపుతుంది, రెస్‌మెడ్ తీసేస్తుంది. రెస్‌మెడ్‌లో నిమిషానికి 24 లీటర్లు దాటితేనే మాస్క్ సంగతి చూడాలి.

ఇవన్నీ సరిచేశాక రెండు వారాలు గడిచినా ఏహెచ్ఐ 5 కిందికి రాకపోతే, లేదా పగలు కునుకు పడుతుంటే, మెషిన్‌లో రాత్రుల రికార్డు దాచే ఎస్‌డీ కార్డు తీసుకుని స్లీప్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. గొంతు మూసుకుని ఆగుతోందా, మెదడు నుంచి సంకేతం రాక ఆగుతోందా అన్నది అందులో విడివిడిగా తెలుస్తుంది. రెండోదైతే ప్రెషర్ పెంచడం ఎదురుతిరగొచ్చు. అప్పటిదాకా కునుకు వస్తుంటే ఆయన్ని బండి నడపనివ్వకండి.

ప్రశ్న: అమెరికాలో బంధువులు వాడి పక్కన పెట్టిన సీప్యాప్ మెషిన్ పంపుతామంటున్నారు. అది ఇక్కడ పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: కరెంటుతో పెద్దగా చిక్కు లేదు. అడాప్టర్ మీద 100–240 వోల్టులని ఉంటే మన 230కి సరిపోతుంది, గోడకు పెట్టే వైరు మార్చుకుంటే చాలు. అడాప్టర్ మాత్రం ఆ మెషిన్‌తో వచ్చిందే కావాలి. డ్రీమ్‌స్టేషన్‌ది 12 వోల్టులు, ఎయిర్‌సెన్స్ 10ది 24.

అసలు చూడాల్సింది తయారైన తేదీ. 2021 జూన్‌లో ఫిలిప్స్ తన మెషిన్లను పెద్దయెత్తున వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన పాలియురెథేన్ ఫోమ్ పొడిపొడిగా రాలి, గాలితోపాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉందని. 2021 ఏప్రిల్ 26కు ముందు తయారైన మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ కూడా అందులో ఉంది. సీరియల్ నంబరుతో కంపెనీ దగ్గర సరిచూడమనండి, ఫోమ్ మార్చిన రుజువు లేకపోతే పంపొద్దనండి. ఓజోన్‌తో శుభ్రం చేసిన మెషినైతే ఇంకా జాగ్రత్త, ఓజోన్ ఆ ఫోమ్‌ను త్వరగా పాడుచేస్తుంది.

మెషిన్ మంచిదే అని తేలితే మాస్క్, ట్యూబ్, ఫిల్టర్, నీళ్ల డబ్బా నాలుగూ కొత్తవి కొనండి. లోపల ఉన్న ప్రెషర్ వాళ్ల గొంతుకు రాసిచ్చింది, మీది మీ స్లీప్ స్టడీ చూసి డాక్టరు రాయాలి. డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పోయండి. మన బోరు నీళ్లు పోస్తే కొద్ది రోజులకే అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది.