పాత మీటరు ఫ్లాష్‌ను కొలుస్తుందా?

ప్రశ్న: తాతగారి స్టూడియోలోని సెకోనిక్ ఎల్-398 లైట్ మీటరు ఎండలో సరిగానే పనిచేస్తున్నది, ఫ్లాష్ వెలిగిస్తే మాత్రం ముల్లు కదలీ కదలనట్లుంటున్నది. చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చెడిపోలేదు. బ్యాటరీ లేకుండా, సెలీనియం ఫలకంపై పడే వెలుతురుతోనే కదిలే ఆ ముల్లు, తరచుగా సెకనులో వెయ్యోవంతు కూడా నిలవని ఫ్లాష్ మెరుపును అందుకోలేదు. అందుకు ఫ్లాష్ మీటరే కావాలి. అది కొనేదాకా ఫ్లాష్ బలాన్ని తెలిపే గైడ్ నంబరును నమ్ముకోండి (మన పాత స్టూడియోలవారికి ఇది కంఠతా వచ్చేది): ఐఎస్ఓ (ఫిల్ము లేదా సెన్సరు వెలుతురుకు స్పందించే స్థాయి) 100 వద్ద మీ ఫ్లాష్ గైడ్ నంబరు మీటర్లలో 32 అయితే, దానిని దూరంతో భాగించి, 4 మీటర్ల దూరంలోని మనిషికి లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 వద్ద పెట్టాలి. అయితే ఈ లెక్క సాధారణంగా గదిలోని గోడలు, పైకప్పు తిప్పి పంపే వెలుతురును కూడా కలుపుకొన్నది కనుక, భద్రకాళి చెరువు గట్టున రాత్రివేళ బతుకమ్మ ఆటను తీసేటప్పుడు ఆ రంధ్రాన్ని సుమారు ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుతురు వచ్చేలా) ఎక్కువ తెరవడం మంచిది.