వైన్ తాగనివాళ్లు ద్రాక్ష కోతల పండుగకు వెళ్లి ఏం చేస్తారు?

అక్టోబర్‌లో మావారితో రోమ్ వెళ్తున్నాం, ఆయన తాగుతారు, నేను ముట్టను, అయినా ద్రాక్ష పండుగ చూడాలని ఉంది, వెళ్లి ఏం చేయాలి అని ఒకావిడ అడిగారు. మాదీ అదే జంట. నేను తాగుతాను, మా ఆవిడ వాసన కూడా పడదంటుంది. అయినా ఆ రోజు నాకంటే తనే ఎక్కువ సంతోషపడింది.

మేం వెళ్లింది రోమ్ దగ్గర్లోని మరీనో అనే ఊరికి. రోమ్ టెర్మినీ స్టేషన్‌లో అల్బానో లోకల్ ఎక్కితే గంట కూడా పట్టదు. అక్కడ 1925 నుంచి ఈ పండుగ చేస్తున్నారు. అసలు సందడి అక్టోబర్ మొదటి ఆదివారం.

తిరనాళ్ల జనం. వీధుల్లో ఎటు చూసినా వేలాడదీసిన ద్రాక్ష గుత్తులే. మధ్యాహ్నం దాటాక ఊరేగింపు మొదలైంది. 1571లో గ్రీస్ తీరంలోని లెపాంతో దగ్గర ఒట్టోమన్లతో జరిగిన సముద్ర యుద్ధంలో పోప్ ఓడలను నడిపిన మార్కాంటోనియో కొలొన్నా ఈ ఊరి దొర. గెలిచి తిరిగొచ్చిన ఆయనకు స్వాగతం పలుకుతున్నట్టు డప్పులు, జెండాలు, అప్పటి కాలం బట్టలు. మా ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు.

నేను మాత్రం ఫౌంటెన్ కోసం పరిగెత్తాను. బంధించిన నలుగురు మోర్ల (ఉత్తర ఆఫ్రికా ముస్లింల) విగ్రహాలున్న ఆ ఫౌంటెన్‌లో ఆ రోజు నీళ్ల బదులు వైట్ వైన్ వస్తుంది. ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని తోపులాటలో చాలాసేపు నిలబడితే నాకు దక్కింది రెండు గుక్కలు, మిగతాది షర్టు తాగింది. నిజం చెప్పాలంటే అంత కష్టపడేంత రుచేం లేదు. పక్కన కొట్లో కూర్చుని తాగిందే బాగుంది. (2008లో పైపులు తారుమారై ఫౌంటెన్‌లో నీళ్లు, కొన్ని ఇళ్ల కుళాయిల్లో వైన్ వచ్చాయట. ఆ ఏడాది వెళ్లాల్సింది!)

మీరు మాత్రం చంబెల్లే అల్ మోస్టో వదలకండి. అప్పుడే పిండిన ద్రాక్ష రసంతో పిండి కలిపి, గుండ్రటి కడియంలా చేసి కాల్చే తియ్యటి రొట్టె. మేం నాలుగు తిని ఇంకో నాలుగు కట్టించుకున్నాం. ప్రతి మలుపులోనూ పోర్కెట్టా అని కోసి పెడుతుంటారు. అది పంది మాంసం, తిననివాళ్లు చూసుకోండి.

పొద్దున్నే వెళ్లండి. పాత రాళ్లు పరిచిన వీధులు, సాయంత్రానికి వైన్ ఒలికి జారుతుంటాయి, హీల్స్ వద్దు. తిరుగు టికెట్ టెర్మినీలోనే కొనేయండి. రాత్రి రైల్లో సీటు మీద ఆశ పెట్టుకోకండి, మేం రోమ్ దాకా నిలబడే వచ్చాం.