దగ్గలేదు కదా అని ట్యూబ్‌లో పాలు పోసేయొద్దు

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు, బరువు 9 కిలోలు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పడం) వల్ల మింగలేదు. ఐదు నెలలుగా ముక్కు ట్యూబ్‌తోనే పాలు, రాగి జావ పోస్తున్నాం. తరచూ పీకేసుకుంటుంది. మావారే మళ్లీ పెట్టి, సిరంజితో గాలి పంపి, పొట్టకు చెవి ఆనించి వింటారు. రెండు నెలల్లో రెండుసార్లు నెమ్ము చేసింది. ఇప్పుడు పొట్టకు రంధ్రం చేసి ట్యూబ్ వేయాలంటున్నారు. ఆపరేషన్ తప్పదా? జీవితాంతం ఉండాలా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ఆపరేషన్ సంగతి తర్వాత. ముందు ఆ నెమ్ము సంగతి చూడాలి. పాలు వెనక్కి తన్నడం వల్ల కావచ్చు, లాలాజలం పొలమారి కావచ్చు, ట్యూబ్ దారి తప్పి కూడా కావచ్చు. పాపను చూడకుండా ఏదో ఒకటని చెప్పలేను. గాలి పంపి వినడం మాత్రం ఇవాళే మానేయండి. ట్యూబ్ కొస ఊపిరితిత్తుల్లో ఉన్నా, అన్నవాహికలోనే ఆగిపోయినా ఆ బుడబుడ పొట్ట మీద వినిపిస్తుంది. ట్యూబ్ బయటి కొసను నీళ్లలో ముంచి బుడగలు చూడటమూ అంతే. దగ్గలేదు, నీలబడలేదు అన్న ధీమా అసలే వద్దు. ఇలాంటి పిల్లల్లో దగ్గు బలహీనం. ట్యూబ్ శ్వాసనాళంలోకి దిగినా కిమ్మనకపోవచ్చు.

పొడవును ముక్కు కొన నుంచి చెవి తమ్మెకు, అక్కడి నుంచి రొమ్ము ఎముక చివరకీ బొడ్డుకీ మధ్య బిందువు దాకా కొలిచి గుర్తు పెట్టాలి. పెట్టాక సిరంజితో 1–2 మి.లీ. ద్రవం లాగి పీహెచ్ పేపర్‌ (ఆమ్లం ఎంతుందో రంగు మారి చూపే కాగితం)పై వేయండి. 5.5 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే పాలు. ద్రవం రాకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పావుగంట ఆగి మళ్లీ లాగండి. గ్యాస్ మందులు వాడుతుంటే పీహెచ్ ఎక్కువ చూపించొచ్చు. అనుమానం ఉంటే ఎక్స్‌రే తీసేదాకా చుక్క కూడా పోయొద్దు. ముక్కు దగ్గరి గుర్తు జరిగిందేమో ప్రతి ఫీడ్‌కూ చూడండి. తల వైపు 30–45 డిగ్రీలు ఎత్తుగా ఉండాలి, ఫీడ్ అయ్యాక కూడా అరగంట అలాగే ఉంచాలి. జావ సన్నటి ట్యూబ్‌లో గడ్డకడుతుంది. ఫీడ్‌కు ముందూ వెనకా 5–10 మి.లీ. నీళ్లు పోయండి. మూసుకుపోతే తీగ పెట్టి పొడవకండమ్మా, కడుపు గోడకు చిల్లి పడుతుంది.

ఇక మీరడిగింది. నాలుగు నుంచి ఆరు వారాలకు మించి ట్యూబ్ అవసరమైతే పొట్ట ట్యూబ్ ఆలోచిస్తాం. మీరు ఐదు నెలలు ఆగారు. మూడేళ్లకు 9 కిలోలు బాగా తక్కువ, పిల్లల సర్జన్‌ను ఈ వారమే కలవండి. పొట్ట ట్యూబ్‌కీ ఇబ్బందులున్నాయి. వేశాక మొదటి 72 గంటల్లో ఫీడ్ పోస్తుంటే నొప్పి, జ్వరం, రక్తం, ట్యూబ్ పక్కనుంచి కారడం కనిపిస్తే ఫీడ్ ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. పొట్టకు చేసిన దారి గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. ఈలోగా ఊడితే ఇంట్లో దూర్చొద్దు, పాలు పేగుల చుట్టూ చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఆ తర్వాత ఊడినా గంటల్లోనే రంధ్రం కుంచించుకుపోతుంది, ఊడిన ట్యూబ్ పట్టుకుని వెంటనే వెళ్లండి. చుట్టూ ఎర్రగా, తడిగా కండ పెరగడం మామూలే. పసుపు ముద్ద పెట్టకండి, చూపించండి.

జీవితాంతం అనేముంది? మింగడం వస్తే తీసేస్తారు. చాలామందిలో రంధ్రం దానంతటదే పూడుతుంది, కొందరికి కుట్లు వేయాల్సి వస్తుంది.