కడుపు ఉబ్బరానికి వాము నిజంగా పని చేస్తుందా?

శనగపిండి, పప్పులు తిన్నప్పుడల్లా గ్యాస్ పడుతోంది, వంటింట్లో మందు ఏముందని అడిగారు. నేనైతే ముందు వామే చెబుతాను.

పప్పుధాన్యాల్లోని రాఫినోస్ లాంటి చక్కెరలు మన పేగుల్లో అరగవు. అవి పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది, గ్యాస్ అలా పుడుతుంది. వాము గింజల్ని అరచేతిలో వేసి బొటనవేలితో నలిపితే గుప్పున ఘాటు కొడుతుంది కదా, అది థైమాల్ అనే నూనె పదార్థం. పట్టేసిన పేగు కండరాల్ని అది సడలిస్తుందని, లోపలి గాలి సులువుగా బయటికి పోతుందని అంటారు. మిరపకాయ బజ్జీలో వాము కూరడం రుచికోసమే కాదు మరి!

మా ఇంట్లో పద్ధతి ఇది: అర చెంచా వాము దోరగా వేయించి, ఉప్పుతో నూరి, వేడి అన్నంలో నెయ్యి వేసి మొదటి ముద్దగా తినడం. గింజల్ని నలపకుండా మింగితే ఘాటు సరిగా దిగదు. మజ్జిగలో చిటికెడు ఇంగువ, జీలకర్ర పొడి కూడా మంచివే. శనగలు వండేవాళ్లు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోయాలి. సగం బాధ అక్కడే తగ్గుతుంది.

గర్భిణులు వామును మందులా ఎక్కువగా వాడకూడదు. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం గ్యాసేలే అనుకుని వాము నములుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఉబ్బరంతో పాటు బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా డాక్టర్‌కు చూపించాల్సిందే.