ఫొటో ఎడిటింగ్ నేర్చుకోవడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. ఫొటోషాప్ నేర్చుకుని ఎడిటింగ్‌లో స్థిరపడతానంటోంది. వేలల్లో ఫీజు కట్టి కోర్సులో చేర్పించమంటారా? ఇంట్లో మామూలు కంప్యూటర్ ఉంది. - ఒక తల్లి, నల్గొండ

జవాబు: ఫీజు కట్టే ముందు రెండు మూడు నెలలు ఇంట్లోనే సాధన చేయించండి. గింప్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. అలాంటిదే ఫొటోపీ, అది బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. స్టూడియోల్లో ఎక్కువగా ఫొటోషాప్ వాడతారు కాబట్టి చివరికి అదీ రావాలి గానీ, ఈ రెండింటిలో నేర్చుకున్న లేయర్లు (ఒకదానిపై ఒకటి పరిచే పొరలు), మాస్కులు (పొరలో కొంత భాగాన్నే కనిపించేలా చేసేవి), కర్వ్స్ (వెలుగునీడలను సర్దే గీత) అక్కడా అలాగే పనికొస్తాయి.

చాలామంది మొటిమలు తుడవడంతో మొదలుపెడతారు. అది రెండో మెట్టు. ముందు వెలుగు, రంగు సరిచేయడం రావాలి. వెలుగును సరిచేసే లెవల్స్ అనే టూల్ తెరిస్తే 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) వరకు హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్, కనిపిస్తుంది; వెలిసిపోయినట్టున్న ఫొటోలో అది రెండు అంచులకూ చేరకుండా మధ్యలోనే ఆగిపోయి ఉంటుంది. ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్, అంటే లైట్ల వల్ల ఫొటోకు అంటిన రంగును సరిచేయడం. పెళ్లి పందిట్లో పసుపు షామియానా రంగు ముఖాల మీద పడుతుంది, దానికి ఎల్‌ఈడీ లైట్ల నీలం తోడవుతుంది. ఇలాంటి ఫొటోలో చర్మం రంగును, పట్టుచీర రంగును ఒకేసారి సహజంగా తీసుకురాగలిగితే మీ అమ్మాయికి సగం పని వచ్చినట్టే. ఈ మార్పులన్నీ అడ్జస్ట్‌మెంట్ లేయర్ల (మార్పులను మాత్రమే ఉంచే విడి పొరల) మీద చేయాలి, అసలు ఫొటోను ముట్టుకోకూడదు. జేపెగ్ (మామూలుగా ఫొటోలు సేవ్ అయ్యే ఫైలు రకం)ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది కనుక, పని పూర్తయ్యేదాకా లేయర్లతో కూడిన ఫైలునే ఉంచుకోవాలి.

రిటచింగ్‌లో, అంటే మచ్చలూ లోపాలూ సరిచేయడంలో, క్లోన్ స్టాంప్ అనే టూల్ ఒకచోటి భాగాన్ని ఉన్నదున్నట్టు మరోచోట అతికిస్తుంది. హీలింగ్ బ్రష్ అనే టూల్ మరోచోటి చర్మపు గరుకుదనాన్ని తీసుకుని చుట్టుపక్కల వెలుగులో, రంగులో కలిపేస్తుంది. వారంలో మానిపోయే మొటిమను తీసేయవచ్చు, పుట్టుమచ్చను తీయకూడదు. ముఖమంతా బ్లర్ చేసి తెల్లబరచడం మన ఆల్బమ్‌లలో ఆనవాయితీ అయిపోయింది. కస్టమర్లే అడుగుతారన్నది నిజమే అయినా, దాన్ని పనితనంగా నేను లెక్కపెట్టను. అమెరికా వీసా ఫొటోల విషయంలోనైతే ముఖాన్ని ఇలా మార్చడం నిబంధనలకే విరుద్ధం.

మచ్చలు తుడవడం, బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం వంటి పనులను ఇప్పుడు ఏఐ క్షణాల్లో చేస్తోంది. కాబట్టి వాటినే నమ్ముకోవద్దు. పెళ్లి ఆల్బమ్‌ల కలర్ కరెక్షన్, చిరిగి వెలిసిన పాత ఫొటోల పునరుద్ధరణ, ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువుల ఫొటోలు - మనిషి కన్ను అవసరమైన పని వీటిలో ఉంది. మీకు దగ్గర్లోనే ఉన్న పోచంపల్లి చీరనే తీసుకోండి: ఫొటోలో ఒక ఎరుపు, పార్సిల్ విప్పితే మరో ఎరుపు అయితే చీర వెనక్కి వస్తుంది. అందుకే మానిటర్ వెలుగును మార్చకుండా ఒకే స్థాయిలో ఉంచి, వీలైతే చీరను పక్కనే పెట్టుకుని సరిచూడటం అలవాటు చేయించండి.

డిగ్రీ కూడా కావాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) కోర్సులను పరిశీలించండి. వాటికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌కే వెళ్తే, సర్టిఫికెట్ సంగతి తర్వాత అడగవచ్చు. ముందు అక్కడి విద్యార్థులు చేసిన ఫైళ్లను లేయర్లతో సహా తెరిచి చూపించమనండి.