హౌస్ సర్జన్లు, పీజీలు తమ సీనియర్ డాక్టర్ల నుంచి ఏం కోరుకుంటారు?

అన్నిటికంటే ముందు, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తాలని. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి ములుగు, భూపాలపల్లి వైపు నుంచి కూడా పాముకాటు, పురుగుమందు కేసులు వస్తాయి. అలాంటి పేషెంటు దగ్గర నిలబడ్డ జూనియర్‌ను "ఇది కూడా తెలియదా?" అని ఒక్కసారి కసిరితే రెండోసారి ఫోన్ చేయడానికి జంకుతాడు. నష్టపోయేది పేషెంటే. నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే.

తర్వాతిది, పనికొచ్చే ఫీడ్‌బ్యాక్. "బాగా చేశావ్" అంటే సంతోషమే కానీ ఏం నేర్చుకున్నట్టు? "పురుగుమందు కేసులో విరుగుడు మందు అట్రోపిన్ ఇస్తూ కంటిపాపే చూస్తున్నావు, ఛాతీ విను, గురగురలు తగ్గాయా, బీపీ, పల్స్ నిలబడ్డాయా చూడు" అని చెబితే జీవితాంతం గుర్తుంటుంది. తప్పు చేస్తే చెప్పాల్సిందే, కానీ రౌండ్స్‌లో పేషెంటు బంధువుల ముందు కాదు.

ఓపీ రద్దీలో టైమ్ ఎక్కడిదంటారు. నిజమే. అందుకే 1992లో అమెరికాలో కొందరు కుటుంబ వైద్య అధ్యాపకులు ఒక చిన్న పద్ధతి ప్రచురించారు: నీకేమనిపిస్తోంది, ఎందుకు అని ముందు అడగాలి; ఒక సూత్రం నేర్పాలి; సరిగ్గా చేసింది చెప్పాలి, తప్పు దిద్దాలి. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. జవాబు తనే చెప్పేయకుండా "నువ్వేమనుకుంటున్నావమ్మా?" అని అడిగే సార్లు, మేడమ్‌ల యూనిట్‌లో పోస్టింగ్ కోసం జూనియర్లు ఎదురుచూస్తారు.

లంబార్ పంక్చర్ (నడుము దగ్గర వెన్నులో సూది గుచ్చి ద్రవం తీయడం) లాంటివి మొదటిసారి చేసేటప్పుడు పక్కన నిలబడమని కూడా అడుగుతారు. చేయి పట్టుకోనక్కర్లేదు, ఉంటే చాలు.