చేపల చెరువు లోన్ల కేసు: ఫీల్డ్ ఆఫీసరుకి బెయిల్ వస్తుందా?

ప్రశ్న: మా ఆయన పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వ బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరు. 2021లో చేపల చెరువులకి ఇచ్చిన లోన్లలో కౌలు పత్రాలు నకిలీవని సీబీఐ కేసు పెట్టింది. మేనేజరు ఏ1, మా ఆయన ఏ4. విచారణకి రమ్మని నోటీసు వచ్చింది. వెళ్తే అరెస్టు చేస్తారా? డబ్బు కట్టేస్తే బెయిల్ ఇస్తారంటున్నారు, నా బంగారం అమ్మేయమంటారా?

జవాబు: వద్దమ్మా, బంగారం జోలికి పోకండి. బెయిల్ పిటిషన్‌ని డబ్బు వసూలుకి వాడుకోకూడదని సుప్రీంకోర్టు 2023లో రమేశ్ కుమార్ కేసులో గట్టిగానే చెప్పింది. ఆ లోన్ డబ్బు మీ ఇంటికి రానప్పుడు మీరు కడతామనడం అన్యాయం, పైగా తప్పు ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది.

వచ్చింది బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) నోటీసైతే, అంటే అరెస్టు చేయకుండా విచారణకి పిలిచే నోటీసైతే, పిలిచినప్పుడల్లా వెళ్తున్నంత కాలం, కారణాలు రాసిపెట్టకుండా అరెస్టు చేయకూడదు. అలాగని నిశ్చింతగా ఉండమని చెప్పను. లోన్లు 2021వి కాబట్టి సెక్షన్లు పాత ఐపీసీవే ఉంటాయి, వాటిలో 409 (నమ్మి అప్పగించిన సొమ్మును ప్రభుత్వోద్యోగి లేదా బ్యాంకరు దుర్వినియోగం చేయడం) ఉంటే శిక్ష యావజ్జీవం దాకా ఉంది. అందుకే ముందస్తు బెయిల్‌కి సీబీఐ ప్రత్యేక కోర్టులో ఇప్పుడే వేయించండి, అక్కడ కొట్టేస్తే హైకోర్టు ఉంది. ఆర్డరు రాకముందే విచారణ తేదీ వస్తే మానేయకండి, వెళ్లాల్సిందే, మరీ కుదరకపోతే రాతపూర్వకంగా గడువు అడగాలి.

అవతలి లాయరు 2013 నాటి జగన్మోహన్ రెడ్డి కేసు తీర్పు తప్పకుండా చూపిస్తారు, ఆర్థిక నేరాల్ని మామూలు నేరాల్లా చూడకూడదని అందులో ఉంది. కానీ ఆర్థిక నేరమన్నంత మాత్రాన ప్రతి కేసులోనూ బెయిల్ నిరాకరించనక్కర్లేదని 2019లో చిదంబరం కేసులో అదే సుప్రీంకోర్టు అంది, కాబట్టి చివరికి జడ్జి చూసేది మీ ఆయన పాత్ర ఎంత అన్నదే.

అది తేలేది లోన్ ఫైల్లోనే. శాంక్షన్‌కి ముందు ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఆయనే రాసుంటారు కదా, అసలు చెరువే లేని చోట చెరువు చూశానని సంతకం పెట్టి ఉంటే కష్టమే, నిజం మీ లాయరుకి ఈరోజే చెప్పేయాలి. చెరువు ఉండి, కౌలు పత్రం మాత్రమే నకిలీదై, దాన్ని బ్యాంకు ప్యానెల్ లాయరు సరేనని ఒపీనియన్ ఇచ్చి, శాంక్షన్ మేనేజరు చేసి ఉంటే ఆయన పరిస్థితి చాలా మెరుగు. ఆయనవీ మీవీ ఆ రెండు మూడేళ్ల అకౌంటు స్టేట్‌మెంట్లు తీయించండి, లోన్ తీసుకున్నవాళ్ల నుంచి రూపాయి రాలేదని చూపించగలిగితే అంతకంటే బలమైన కాగితం ఇంకోటి లేదు. ఈలోగా బ్రాంచిలో పాత స్నేహితులకి గానీ ఆ రైతులకి గానీ ఫోన్ చేయొద్దనండి, ఫోన్లో మెసేజ్‌లు చెరిపేయొద్దనండి. సాక్షుల్ని ప్రభావితం చేస్తున్నాడన్న ఒక్క మాటతో వచ్చే బెయిల్ పోతుంది.

ఒకవేళ అరెస్టయినా, 409 ఉన్న కేసులో 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కుగా వస్తుంది, కాకపోతే గడువు దాటగానే, చార్జిషీటు పడేలోపే అడగాలి. 48 గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్‌లో పెట్టినట్టే లెక్క, బెయిల్ వచ్చినంత మాత్రాన అది పోదు. బ్యాంకు ఎంక్వయిరీ దారి వేరు. అక్కడ చార్జి మెమోకి (బ్యాంకు ఇచ్చే ఆరోపణల పత్రం) లాయరుకి చూపించకుండా సొంతంగా జవాబు రాసివ్వొద్దని చెప్పండి, అందులోని ప్రతి వాక్యం రేపు సీబీఐ కోర్టులో ఆయన ముందు పెడతారు.